తువ్వాలు ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు నా ముందు మాట్లాడినవారు ఇప్పటికే చెప్పారు. పిల్లలు పొద్దున రేపటి పోటీల బరువు తూకాల కోసం సరిగా తినకుండా వచ్చి ఇక్కడే కూర్చున్నారు. కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘విజేతల నుంచి నేర్చుకోవాల్సింది’. పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపి ఆడే పోటీల్లో రష్యా వీరుడు ఖబీబ్ పేరు చెబితే ఇక్కడ అందరి చేతులూ లేస్తాయి. అదే ఆటలో జపాన్ వీరుడు సకురాబా పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. సరే, మిగతావాళ్లు ఇవాళ వింటారు.

కజుషి సకురాబా 1969లో జపాన్‌లోని అకితాలో పుట్టాడు. చూవో విశ్వవిద్యాలయంలో కుస్తీ పట్టాడు. తర్వాత ఫలితం ముందే మాట్లాడుకుని ఆడే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. అక్కడ బిల్లీ రాబిన్సన్ అనే ఇంగ్లండు వస్తాదు చేతిలో పడ్డాడు. ఆ వస్తాదు నేర్పిన పట్లు మాత్రం ఉత్తుత్తివి కావు. చెయ్యి ఎక్కడ మెలిపెడితే ఎక్కడ లొంగుతుందో వేలు పెట్టి చూపించే చదువు అది. మా చిన్నప్పుడు తాలింఖానాలో మా వస్తాదు కూడా అలాగే నేర్పేవాడు. గోదాలో మట్టి పిసికి మెత్తగా చేసేదాకా పట్టు మాట ఎత్తనిచ్చేవాడు కాదు.

1997 డిసెంబరు 21, యొకొహామా. ఇలాంటి పోటీలు పెట్టే అమెరికావాళ్ల సంస్థ యూఎఫ్‌సీ మొదటిసారి జపాన్ వచ్చింది. సకురాబాకి ఎదురుగా బ్రెజిల్‌కి చెందిన మార్కస్ సిల్వేరా, వంద కిలోలు దాటిన మనిషి. సిల్వేరా గుద్దులు కురిపిస్తుంటే సకురాబా కాళ్ల పట్టు కోసం కిందికి దిగాడు. రెఫరీ జాన్ మెకార్తీ అది చూసి స్పృహ తప్పి పడిపోయాడనుకున్నాడు, పోటీ ఆపేశాడు. సకురాబా ఒప్పుకోలేదు. వీడియో చూశారు, పొరపాటు తెలిసింది, ఫలితం రద్దు చేశారు. ఆ రాత్రే ఇద్దరికీ మళ్లీ పెట్టారు. సకురాబా చెయ్యి లాగి గెలిచాడు. గెలిచి మైకులో అన్నాడు, ప్రొఫెషనల్ రెజ్లర్లు నిజానికి బలవంతులేనని.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రెఫరీ తొందరపడ్డాడు. ఏం పోయింది? మళ్లీ పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

సకురాబా పేరు ప్రపంచమంతా మోగింది గ్రేసీల వల్ల. బ్రెజిల్‌లో గ్రేసీలది కుస్తీ కుటుంబం. జపాన్ నుంచి వెళ్లిన మయెదా అనే జూడో వస్తాదు దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు. అన్నదమ్ములంతా కలిసి దాన్ని బ్రెజిలియన్ జియు జిట్సుగా పెంచారు. 1951లో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో కార్లోస్ తమ్ముడు ఎలియో గ్రేసీ, జపాన్ జూడో వీరుడు మసహికో కిమురాతో తలపడ్డాడు. కిమురా ఎలియో చేతిని వెనక్కి మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించినా ఎలియో ఓటమికి గుర్తుగా చేత్తో తట్టలేదని కిమురా రాసుకున్నాడు. చివరికి అన్న కార్లోసే తువ్వాలు విసిరాడు, అంటే తమ్ముడి తరఫున ఓటమి ఒప్పుకుని పోటీ ఆపించాడు. ఇవాళ మీరు రోజూ చేసే ఆ పట్టుకి కిమురా అనే పేరు అలా వచ్చింది. పట్టుకి పేరు పెట్టుకున్నాం. తువ్వాలు విసిరిన అన్నకి ఏ పేరూ పెట్టుకోలేదు.

1999 నవంబరులో అదే ఎలియో కొడుకు రాయ్‌లర్, సకురాబా ముందుకి వచ్చాడు. సకురాబా అదే కిమురా పట్టు వేశాడు. రాయ్‌లర్ తట్టలేదు. చెయ్యి పోతుందని రెఫరీ ఆపేశాడు. గ్రేసీ కుటుంబానికి కోపం వచ్చింది. మావాడు తట్టకుండా ఎలా ఆపుతారు అన్నారు. అందుకే మరుసటి ఏడాది తమ్ముడు రాయిస్‌ని దించేటప్పుడు షరతులు పెట్టారు. రెఫరీ ఆపకూడదు. రౌండ్లకి లెక్క ఉండకూడదు. ఎవరో ఒకరు తట్టాలి, లేదా కార్నర్ నుంచి, అంటే రింగు మూల నిలబడే తనవాళ్ల నుంచి, తువ్వాలు పడాలి. రెఫరీ ఒక చెయ్యి కాపాడినందుకు వచ్చిన షరతులివి.

2000 మే 1, టోక్యో డోమ్, జపాన్‌వాళ్ల ప్రైడ్ సంస్థ పెట్టిన గ్రాండ్ ప్రీ టోర్నమెంటు. సకురాబాతో పాటు అదే ముసుగు వేసుకుని ఇంకో ఇద్దరు నడిచి వచ్చారు. ఎవరు అసలు సకురాబానో తెలియక జనం నవ్వుకున్నారు. ఆ తర్వాత పదిహేను నిమిషాల రౌండ్లు ఆరు. తొంభై నిమిషాలు! మీరు మూడు నిమిషాల రౌండుకే గోడకి ఆనుకుని కూలబడిపోతారు. యూఎఫ్‌సీ తొలి రోజుల్లో తనకంటే పెద్ద మనుషుల్ని లొంగదీసి గెలిచినవాడు రాయిస్. తెల్ల జియు జిట్సు దుస్తుల్లో ఉన్నాడు. సకురాబా ఆ దుస్తుల్నే పట్టుకుని లాగాడు. కాళ్ల మీద తన్నాడు, మళ్లీ తన్నాడు, మళ్లీ అక్కడే తన్నాడు. ఆరో రౌండు అయ్యేసరికి రాయిస్ కాళ్లు నిలబడే స్థితిలో లేవు. ఏడో రౌండు మొదలు కాకముందే రాయిస్ అన్న రోరియన్ తువ్వాలు విసిరాడు.

ఈ పోటీ సీడీ ఓడలో పనిచేసే మా శిష్యుడొకడు తెచ్చిచ్చాడు. విశాఖలో మా గదిలో కనీసం ఇరవై సార్లు చూశాను. మొదట్లో తన్నులు చూశాను, పట్లు చూశాను. ఇప్పుడు రోరియన్‌ని చూస్తాను. కుటుంబం పరువంతా ఆ రింగులో ఉంది. డోమ్ నిండా జనం. ఆ షరతులు పెట్టింది తామే. అయినా అన్న చెయ్యి లేచింది.

కథ అక్కడితో అవలేదు. ఆ రాత్రే, తొంభై నిమిషాల తర్వాత, సకురాబా తర్వాతి పోటీకి దిగాడు. ఎదురుగా ఉక్రెయిన్‌కి చెందిన ఇగోర్ వొవ్‌చాంచిన్, తనకంటే చాలా బరువు, పిడికిలి దెబ్బకి పెట్టింది పేరు. పదిహేను నిమిషాల రౌండు పూర్తి చేశాడు. న్యాయనిర్ణేతలు సమానం అన్నారు, ఇంకో రౌండు ఆడమన్నారు. అప్పుడు సకురాబా కార్నరే తువ్వాలు విసిరింది. నన్నడిగితే ఆ రాత్రి జరిగిన పనులన్నిట్లోకీ గొప్పది అదే. ఆ తర్వాత ఆగస్టులో రెంజో గ్రేసీని అదే కిమురాతో ఓడించాడు. రెంజో కూడా తట్టలేదు, మోచెయ్యి పోయింది. డిసెంబరులో రయన్ గ్రేసీ వంతు. ‘గ్రేసీ హంటర్’ అనే బిరుదు అలా స్థిరపడింది.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇక్కడ ఆయన వేసే పట్టుల సాంకేతిక వివరణ ఉంది. అది పక్కన పెడుతున్నాను. పిల్లల తల్లిదండ్రులు ఇంతమంది ఒకచోట కూర్చోవడం మళ్లీ ఎప్పుడో.

చాలా ఏళ్ల క్రితం ఒక ఊళ్లో కిక్ బాక్సింగ్ పోటీలు. ఊరూ వద్దు, నిర్వాహకుల పేరూ వద్దు. మా కుర్రాడు, పదిహేడేళ్లు, ఫైనల్స్‌కి వచ్చాడు. కార్నర్‌లో నేనున్నాను. డాక్టరేడని అడిగితే దారిలో ఉన్నాడన్నారు. పోటీలు అయ్యేదాకా దారిలోనే ఉన్నాడు. మొదటి రౌండులో కుర్రాడికి చెవి పైన గట్టి దెబ్బ తగిలింది. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మౌత్‌గార్డ్ తీసి నీళ్లు పోసి ఇచ్చాను. వాడు దాన్ని తలకిందులుగా నోట్లో పెట్టుకోబోయాడు. తిప్పి ఇచ్చాను. మళ్లీ తలకిందులుగానే పెట్టుకోబోయాడు. నా వైపు చూసి, “ఇది ఎన్నో రౌండు సార్?” అన్నాడు.

తువ్వాలు నా భుజం మీదే ఉంది. నీలం అంచు, తెల్ల తువ్వాలు. ముందు వరుసలో వాళ్ల నాన్న నిలబడి అరుస్తున్నాడు, “మాస్టారూ, ఆపొద్దు! మావాడు తట్టుకుంటాడు!” అని. నేను ఆ మౌత్‌గార్డ్ నా చేత్తోనే సరిగ్గా పెట్టి, వీపు మీద తట్టి పంపించాను. ఇంకో రెండు రౌండ్లు ఆడాడు. ఓడిపోయాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు. తెల్లారి ఆసుపత్రిలో చేర్చాం. బతికాడు. చదువు సాగలేదు. ఎండలో ఎక్కువసేపు నిలబడలేడు, కళ్లు మూసుకుని గోడ పట్టుకుంటాడు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఈ మాట నేను ఇంతవరకు ఏ వేదిక మీదా చెప్పలేదు.

అమ్మా, అయ్యా, మనం ఏ కథలు చెప్పుకుని పెరిగాం? ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారి కథ. నాకూ ఆయనంటే ప్రాణం. కానీ ఓర్చుకోవడమే బలం అని ఆ కథ నుంచి నేర్చుకుని, పక్కవాడి బిడ్డ చేత ఓర్పించాను.

సకురాబా దగ్గరికి వస్తాను. 2001 మార్చిలో ప్రైడ్ సంస్థ నియమాలు మార్చింది. కింద పడినవాడి తల మీద తన్నవచ్చు, మోకాలితో పొడవవచ్చు అంది. ఆ రోజే బ్రెజిల్‌కి చెందిన వాండర్లే సిల్వా చేతిలో సకురాబా రెండు నిమిషాలు తిరగకముందే ఓడిపోయాడు. నవంబరులో మళ్లీ సిల్వాతోనే, ఈసారి మెడ కింది ఎముక విరిగింది. 2002లో మిర్కో క్రో కాప్‌తో పోటీలో కంటి చుట్టూ ఎముక విరిగింది. 2003లో మూడోసారి సిల్వా, మూడోసారి ఓటమి. ఎప్పుడూ తనకంటే బరువైనవాళ్లే. జనం వస్తున్నారు, టికెట్లు అమ్ముడవుతున్నాయి, మళ్లీ మళ్లీ దించుతూనే ఉన్నారు.

2006 ఆగస్టులో స్మిర్నోవాస్ అనే లిథువేనియావాడి దెబ్బలకి సకురాబా సోలిపోయాడు. రెఫరీ ఆపలేదు. ఎలాగో తేరుకుని, అదే రౌండులో చెయ్యి లాగి గెలిచేశాడు. ఆ వీడియో చూసి నేను లేచి చప్పట్లు కొట్టాను. కొన్నాళ్లకే సాధన చేస్తూ కుప్పకూలాడని, మెదడుకి రక్తం సరిగా అందడం లేదని తేలిందని చదివాను. ఆ చప్పట్లు గుర్తొచ్చి అన్నం సహించలేదు.

అదే ఏడాది డిసెంబరు 31న అకియామాతో పోటీ. అకియామా ఒంటికి ఏదో రాసుకున్నాడు, పట్టు నిలవడం లేదు. జారుతోంది, జారుతోంది అని సకురాబా దెబ్బలు తింటూనే రెఫరీకి అరిచి చెప్పాడు. రెఫరీ వినలేదు. తర్వాత విచారణలో క్రీమ్ రాసుకున్నాడని తేలింది, ఫలితం రద్దు చేశారు. ఫలితం రద్దయింది. తిన్న దెబ్బలు రద్దవుతాయా? యొకొహామాలో రెఫరీ తొందరపడి చేసిన తప్పు గుర్తుంచుకోమన్నాను కదా. ఇది ఆలస్యం చేసిన తప్పు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

2010 చివరి రోజున పోటీ మధ్యలో చెవి చీలి వేలాడింది, డాక్టరు ఆపాడు. 2015 డిసెంబరు 29న సైతామాలో, నలభై ఆరేళ్ల వయసులో, షిన్యా అయోకితో దిగాడు. ఒకప్పుడు గ్రేసీలతో ఆడుకున్న మనిషి కింద పడి తల దాచుకుంటూ ఉండిపోయాడు. కార్నర్ నుంచి తువ్వాలు పడింది. దాని తర్వాత ఆయన మళ్లీ ఇలాంటి పోటీకి దిగలేదు.

2017లో యూఎఫ్‌సీ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చింది. మంచిదే. నాకు మాత్రం 2018లో ఆయన చేసిన పని ఇంకా పెద్దది. క్వింటెట్ అని కొత్త పోటీ మొదలుపెట్టాడు. జట్టుకి ఐదుగురు. పట్లు తప్ప గుద్దులు లేవు, తన్నులు లేవు. గెలిచినవాడు నిలబడతాడు, అవతలి జట్టు నుంచి తర్వాతివాడు వస్తాడు. తల మీద అన్ని దెబ్బలు తిన్న మనిషి, తల మీద దెబ్బ పడని ఆట ఒకటి కట్టాడు. మన జిల్లాలో కూడా పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఈ పద్ధతి పెట్టమని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఈ సభలో మూడోసారి అడుగుతున్నాను. కార్యదర్శి గారు తల ఊపుతున్నారు, మీరంతా సాక్షులు.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. రెండే నిమిషాలు. తల్లిదండ్రులకి ఒక విన్నపం. రేపు మీ పిల్లాడి కోచ్ పోటీ ఆపితే ఆయన మీదికి వెళ్లకండి. కోపం వస్తే నా దగ్గరికి రండి, బయట టీ కొట్టు దగ్గరే ఉంటాను, ఎంతసేపైనా తిట్టండి. డాక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాకే మొదటి బెల్లు కొడతామని నిర్వాహకులు ఒప్పుకున్నారు. వారికి దండం పెడుతున్నాను.

రేపు కార్నర్‌లో నిలబడే కోచ్‌లు పద్దెనిమిది మంది. ఈ బల్ల మీద పద్దెనిమిది తువ్వాళ్లు ఉన్నాయి, నేనే కొని తెచ్చాను. భోజనాలకి వెళ్లేముందు వరుసగా వచ్చి తలా ఒకటి తీసుకోండి. ఆ చివరి కుర్చీలో ఉన్న తమ్ముడు, నీకు రేపు మొదటి పోటీ కదా, ముందు నువ్వు రా.