ఉచితమే కదా అని పెట్టిన ప్లగిన్లు: మీ వెబ్‌సైట్ తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి?

నమస్కారం. ఈ మధ్య విజయనగరంలో ఉంటున్న తెలుగు మాస్టారు ఒకరు ఫోన్ చేసి, తన వెబ్‌సైట్ తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోందని, వీలు చూసుకొని ఒకసారి రమ్మని అడిగారు. ఉద్యోగ విరమణ తరువాత ఆయన ఉత్తరాంధ్ర సామెతలు, పండుగలు, పాత కట్టడాల గురించి వారానికొక వ్యాసం రాస్తున్నారు. నేను శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వెళ్లి, ఆయన కంప్యూటర్‌లో ఆ సైట్‌ను నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ డాష్‌బోర్డ్ (యజమాని లాగిన్ అయి సైట్‌ను చక్కదిద్దుకొనే పేజీ) తెరిచి చూస్తే 31 ప్లగిన్లు ఉన్నాయి. వాటిలో ఒకటి పేజీ మీద మంచు రాలుస్తోంది. విజయనగరంలో, మే నెలలో! ఇన్ని ఎందుకండీ మాస్టారూ అని అడిగితే, "ఏటి బాబూ, అన్నీ ఉచితమే కదా, ఉంటే నష్టమేటి?" అన్నారు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన 1.2 వెర్షన్‌తో ప్లగిన్ల సదుపాయం వచ్చింది. అసలు సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకుండా, పక్కనుంచి కొత్త పనులు చేర్చుకొనే ఏర్పాటు అది. ఇప్పుడు అధికారిక డైరెక్టరీలో ఉచిత ప్లగిన్లే దాదాపు 60 వేలు దొరుకుతాయి. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మన ఫోన్‌లో ఏదైనా యాప్ కెమెరా వాడాలంటే ముందు మన అనుమతి అడుగుతుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ అలా ఏదీ అడగదు. యాక్టివేట్ చేసిన క్షణం నుంచి మీ సైట్‌కు ఉన్న అధికారాలన్నీ దానికీ ఉంటాయి. అది మీ వ్యాసాలు దాచి ఉంచే డేటాబేస్‌ను చదవగలదు, రాయగలదు, చెరపగలదు, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును కూడా తెరవగలదు. మంచు రాల్చే ప్లగిన్‌కైనా, బ్యాకప్ తీసే ప్లగిన్‌కైనా ఈ విషయంలో తేడా లేదు. కాబట్టి ప్లగిన్‌ను ఎంచుకుంటున్నామంటే దాన్ని రాసి, పోషిస్తున్న మనిషికి మన ఇంటి తాళంచెవులు ఇస్తున్నామన్నమాట. మాస్టారు 31 మందికి ఇచ్చారు.

ఇది పరోపదేశం కాదు, నేనూ దెబ్బ తిన్నవాడినే. కొన్నేళ్ల క్రితం వంశధార, నాగావళి తీరాల్లోని పాత గుళ్ల గురించి రాయడానికి నేనొక సైట్ పెట్టుకున్నాను. ఫొటోలను అందంగా చూపించే ఒక డబ్బుల ప్లగిన్ మీద మనసు పడి, కొనడానికి చేతులు రాక, దాని తాళం విరగ్గొట్టిన కాపీని ఎవరో ఉచితంగా పంచితే తెచ్చి పెట్టుకున్నాను. రెండు నెలలు బాగానే ఉంది. తరువాత ఒక మిత్రుడు ఫోన్ చేసి, "శ్రీముఖలింగం కోసం వెతికితే నీ సైట్ పేరు కింద జపాను లిపిలో చేతి సంచుల ప్రకటనలు వస్తున్నాయేంటి?" అని అడిగాడు. నేను సైట్ తెరిచి చూస్తే అంతా మామూలుగానే ఉంది. లాగిన్ అయి ఉన్న యజమానికి కనిపించకుండా, సెర్చ్ ఇంజన్లకు మాత్రమే కనిపించేలా ఆ పేజీలు పుట్టుకొస్తున్నాయని అర్థం కావడానికి వారం పట్టింది. శుభ్రం చేయడానికి ఇంకో నెల పట్టింది. అలా పంచే కాపీల్లో లోపల ఏం కలిపారో మనకు తెలియదు, వాటికి సక్రమమైన అప్‌డేట్లు కూడా రావు. ఇంత చెప్పాక కూడా ఎవరైనా ఆ దారి పడితే నేను చేయగలిగింది లేదు.

అధికారిక డైరెక్టరీ నుంచి తెచ్చుకుంటే బెంగ లేదా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్‌ను సుమారు 2 లక్షల సైట్లలో వాడేవారు. దాన్ని రాసినవారు 2017లో వేరొకరికి అమ్మేశారు. కొన్నవారు తరువాతి అప్‌డేట్లలో రహస్యంగా ప్రకటనల పేజీలు చొప్పించే కోడ్‌ను కలిపారు. ఆ పేజీలు కూడా లాగిన్ అయి ఉన్నవారికి కనిపించేవి కావు. పలుమార్లు తొలగించి, మళ్లీ అనుమతించిన మీదట, ఆ ఏడాది సెప్టెంబర్‌లో డైరెక్టరీ నిర్వాహకులు దాన్ని శాశ్వతంగా తీసేశారు. ఇల్లు అదే, తాళం అదే, చెవి పట్టుకున్న చేయి మాత్రం మారింది.

అందుకే నేను ప్లగిన్ పేజీలో నక్షత్రాలను ఆఖరున చూస్తాను. మొదట చూసేది చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందన్నది. మూడు ప్రధాన వెర్షన్లుగా పరీక్షించని ప్లగిన్ అయితే డైరెక్టరీయే పైన హెచ్చరిక పెడుతుంది. అది కనిపిస్తే ఇక కిందికి చదవనవసరం లేదు. తరువాత సపోర్ట్ విభాగంలోకి వెళ్లి, జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు వస్తున్నాయా, వస్తే ఏ స్వరంతో వస్తున్నాయి అన్నది చూస్తాను. ఆ తరువాత మార్పుల చిట్టా చదువుతాను. "భద్రతా లోపాన్ని సరిచేశాం" అని తేదీతో సహా రాసుకున్న ప్లగిన్‌ను చూసి కొందరు భయపడతారు గానీ, నాకు దాని మీదే గురి కుదురుతుంది. పదేళ్లలో ఒక్క తప్పూ దిద్దుకోని ప్లగిన్ అంటే తప్పు లేనిదని కాదు, వెతికినవారు లేరని అర్థం.

ఇక ఏవి కావాలి అన్న మాటకొస్తే, ముందు బ్యాకప్. మిగతావన్నీ తరువాత.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో మా జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ గాలివానకు కిటికీ ఊడి, బల్ల మీద పెట్టిన నా హార్డ్‌డిస్క్ తడిసి పనికిరాకుండా పోయింది. నా సైట్‌కు ఉన్న ఒకే ఒక్క కాపీ అందులోనే ఉంది. అంతకుముందు సైట్ ఉండే హోస్టింగ్ సర్వర్‌లోనే బ్యాకప్ ఉంచుకొనేవాడిని. అది విత్తనాల వడ్లను తిండి వడ్లతో కలిపి ఒకే గాదెలో పోసినట్టే. ఇప్పుడు అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ వంటి ప్లగిన్‌తో వారానికొకసారి దానంతటదే గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టుకున్నాను, నెలకొక కాపీ ఇంట్లో దించుకుంటున్నాను. మీరు రాసిన వ్యాసాలు డేటాబేస్‌లో ఉంటాయి, ఫొటోలు ఫైళ్లుగా విడిగా ఉంటాయి. బ్యాకప్‌లో రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. మాస్టారి హోస్టింగ్‌లో రోజూ బ్యాకప్ జరుగుతోంది గానీ అందులో డేటాబేస్ మాత్రమే ఉంది, ఆయన ఊరూరా తిరిగి తీసిన ఫొటో ఒక్కటీ లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ కాపీ నుంచి సైట్‌ను ఒక్కసారైనా తిరిగి నిలబెట్టి చూడండి. ఎప్పుడూ తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఆ అప్‌డ్రాఫ్ట్‌ప్లస్‌లోనే 2022 ఫిబ్రవరిలో ఒక లోపం బయటపడింది: సైట్‌లో ఏ చిన్న ఖాతా ఉన్నవారైనా బ్యాకప్ మొత్తాన్ని దించుకొనే వీలు ఉండింది. 30 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ కావడంతో, వర్డ్‌ప్రెస్ వారు సవరణను బలవంతంగానే పంపించారు. అయినా నేను దాన్ని మానలేదు. లోపాన్ని ఒప్పుకొని, వెంటనే సరిచేసినవారిని వదిలి కొత్తవారిని వెతుక్కోవడం నాకు తెలివిగా తోచలేదు. చేసిందల్లా, సెట్టింగుల్లో ఎవరైనా ఖాతా తెరవవచ్చు అన్న గడి దగ్గర టిక్కు తీసేయడం. ఒంటరిగా రాసుకొనేవారి సైట్‌లో ఆ టిక్కుతో పని లేదు.

లాగిన్ దగ్గర వర్డ్‌ప్రెస్ తనంతట తాను ఎన్ని తప్పుడు పాస్‌వర్డ్‌లు కొట్టినా అడ్డుకోదు. కాబట్టి ప్రయత్నాలకు పరిమితి పెట్టే చిన్న ప్లగిన్ ఒకటి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే రెండో కోడ్‌ను కూడా అడిగే ఏర్పాటు ఒకటి ఉంటే చాలావరకు నిశ్చింత. ఈ రెండూ, దానితో పాటు ఫైళ్లను వెతికి చూసే స్కానర్ కూడా వర్డ్‌ఫెన్స్ వంటి ఒకే ప్లగిన్‌లో దొరుకుతాయి. దాని ఉచిత వెర్షన్‌కు కొత్త రక్షణ నియమాలు డబ్బు కట్టినవారికన్నా 30 రోజులు ఆలస్యంగా వస్తాయని తెలిసి పెట్టుకోండి. ఒక ప్లగిన్‌ను డైరెక్టరీ నుంచి తొలగిస్తే మీ డాష్‌బోర్డ్ ఆ మాట చెప్పదు, స్కానర్ చెబుతుంది. నాకు దానితో ఎక్కువ ఉపయోగం అదే. అయితే భద్రతా ప్లగిన్ ఉంది కదా అని కాళ్లు చాపుకొని పడుకోవడానికి లేదు. 2024 నవంబర్‌లో రియల్లీ సింపుల్ సెక్యూరిటీ అనే ప్లగిన్‌లో, ఆ రెండో కోడ్ అడిగే ఏర్పాటును ఆన్ చేసిన సైట్లలోకే పాస్‌వర్డ్ లేకుండా దూరిపోయే లోపం కనిపించింది. కావలికి పెట్టిన మనిషే గేటు తీసి పెట్టినట్టయింది. అప్పటికి దాన్ని 40 లక్షలకు పైగా సైట్లు వాడుతుండేవి.

వేగం విషయంలో మాస్టారి సైట్ నాకు మంచి పాఠం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దగ్గరపడితే ఆ వ్యాసం కోసం జనం ఒక్కసారిగా వస్తారు. వచ్చిన ప్రతి మనిషికీ సర్వర్ డేటాబేస్‌ను అడిగి, పేజీని కొత్తగా వండి వడ్డిస్తుంది. క్యాష్ ప్లగిన్ ఒకసారి వండినదాన్ని అలాగే ఉంచి అందరికీ పెడుతుంది. అది మంచిదే. మాస్టారు మాత్రం ఒకటి మంచిదైతే మూడు ఇంకా మంచివని మూడు పెట్టారు! ఈ ప్లగిన్లు సాధారణంగా ఒకే పేరున్న ఒకే ఫైలులో తమ ఆదేశాలు రాసుకుంటాయి కాబట్టి, ఒకటి రాసింది మరొకటి చెరుపుతూ కూర్చుంటుంది. ఒక్కటే ఉంచండి, అదీ మీ హోస్టింగ్ వారిని అడిగి. ఉదాహరణకు లైట్‌స్పీడ్ క్యాష్ అనే ప్లగిన్ మీ సర్వర్‌లో పేజీలను దాచిపెట్టాలంటే ఆ సర్వర్ కూడా లైట్‌స్పీడ్ రకానిదే అయి ఉండాలి.

కొన్ని పనులకు ఇప్పుడు అసలు ప్లగినే అక్కర్లేదు. కిందికి జరిపినప్పుడే ఫొటోలు తెరుచుకొనే సదుపాయం, సెర్చ్ ఇంజన్లకు ఇచ్చే సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) రెండూ 2020లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షన్‌లోనే చేరిపోయాయి. మరీ పెద్ద ఫొటోలను 2560 పిక్సెళ్లకు తగ్గించడం 5.3 నుంచి ఉంది. తెలుగు అక్షరాల కోసం ఫాంట్ ప్లగిన్ వెతికేవారు, 2024లో వచ్చిన 6.5 నుంచి బ్లాక్ థీముల్లో (పేజీలోని ప్రతి భాగాన్నీ ఎడిటర్‌లోనే మార్చుకొనే కొత్త రకం థీముల్లో) ఫాంట్లను నేరుగా చేర్చుకోవచ్చని గమనించాలి. గూగుల్ ఫాంట్లలో గిడుగు, గురజాడ పేర్లతోనే రెండు తెలుగు ఫాంట్లు ఉన్నాయి. మా ప్రాంతం వారు ఆ రెండింటిలో దేన్ని వాడాలన్నదే నాకు ఇప్పటికీ తేలని సమస్య.

తెలుగు వంటి భాషల్లో రాసేవారికి వచ్చే చిక్కు ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. వ్యాసం పేరును బట్టి వర్డ్‌ప్రెస్ దాని చిరునామాను తయారు చేసేటప్పుడు, తెలుగులోని ప్రతి అక్షరం, ప్రతి గుణింతం గుర్తు, ప్రతి పొల్లు తొమ్మిదేసి అక్షరాల సంకేతంగా మారుతుంది. శ్రీకాకుళం అన్న ఒక్క మాటకే 90 అయిపోతాయి. అక్కడున్న చోటు 200 మాత్రమే, అందువల్ల పొడుగాటి పేర్లు మధ్యలో తెగిపోతాయి. దీనికి ప్లగిన్ వెతకకండి. ప్రచురించే ముందు చిరునామాను చిన్నదిగా, ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాసుకోండి. అలాగే సెర్చ్‌లో ముందుకు రావడానికి పెట్టుకొనే యోస్ట్, ర్యాంక్ మ్యాత్ వంటి ప్లగిన్లు చూపే ఆకుపచ్చ దీపం కోసం వ్యాసాన్ని పాడు చేసుకోవద్దు. శ్రీకాకుళం, శ్రీకాకుళంలో, శ్రీకాకుళానికి అన్నవి ఒకే ఊరి పేరని మనకు తెలిసినంత తేలికగా ఆ లెక్కలకు తెలియదు. పేరు, వివరణ రాసుకొనే గడుల కోసం ఒకదాన్ని ఉంచండి, దాని మార్కులను పట్టించుకోకండి.

అప్‌డేట్లను దానంతటదే జరిగేలా పెట్టాలా వద్దా అని చాలామంది అడుగుతారు. డిస్‌ప్లే విడ్జెట్స్‌లో విషం వచ్చింది అప్‌డేట్ ద్వారానే కాబట్టి, ఆ భయం ఉత్తది కాదు. కానీ 2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడేనాటికి దాడులు అప్పటికే మొదలైపోయాయి. అప్పటికి 7 లక్షలకు పైగా సైట్లలో అది ఉండేది. వారానికొకసారి డాష్‌బోర్డ్ చూసే మనలాంటివారు ఆ పరుగులో గెలవలేరు. పది లోపు ప్లగిన్లు ఉండి, బ్యాకప్ బయట ఉన్నప్పుడు ఆటోమేటిక్ అప్‌డేట్లే మేలని నా అభిప్రాయం. పైగా 2024లో వచ్చిన 6.6 నుంచి, ఆ అప్‌డేట్ వల్ల సైట్ ఆగిపోతే వర్డ్‌ప్రెస్ పాత వెర్షన్‌ను తిరిగి పెట్టేస్తుంది.

ఆ ఫైల్ మేనేజర్ సంగతిలోనే ఇంకొకటి ఉంది. లోపం ఉన్న ఫైలును బయటినుంచి నేరుగా పిలిచే వీలు ఉండడమే అక్కడ కొంప ముంచింది. డీయాక్టివేట్ చేసినంత మాత్రాన ప్లగిన్ ఫైళ్లు సర్వర్ నుంచి పోవు. వాడనివాటిని డిలీట్ చేయాలి. మాస్టారి దగ్గర ఆ పనే మొదలుపెట్టాం. ముందు బ్యాకప్ తీసి, ఒక్కొక్కదాన్నీ ఆపి, సైట్ తెరిచి చూసి, ఏమీ చెదరకపోతే తీసేస్తూ వచ్చాం. మధ్యాహ్నం భోజనం వేళకు 31 కాస్తా 12 అయ్యాయి. మంచు ఆగింది. సాయంత్రానికి నిజంగా కావలసినవి ఏడని తేలింది, సైట్ మూడు సెకన్లలో తెరుచుకుంది.

ఎనిమిదోది ఒకటుంది, ఎంతమంది చదివారో మూలన అంకె చూపించే ప్లగిన్. దాన్నీ తీసేద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. "అది ఉండనీ బాబూ. పొద్దున్న లేస్తూనే ముందు అదే చూస్తాను" అన్నారు. పేజీ తెరిచి చూశాను. అంతకుముందు నెలలోనే అప్‌డేట్ వచ్చింది, అడిగినవారికి జవాబులు ఇస్తున్నారు. సరేనన్నాను.