మిగిలిన దారంతో వరుసల లెక్క దండ, కుట్టు గుర్తులు

అందరికి నమస్తే. మన నల్లగొండల చలి రెండు నెల్ల ముచ్చటే. పిల్లలకు స్వెటరో టోపీయో అల్లినంక బుట్ట అడుగున జానెడు, మూరెడు దారం ముక్కలు మిగుల్తయి. వాటితోని ఇంకో టోపీ కాదు గానీ, అల్లేటప్పుడు అక్కరకొచ్చే సామాను మంచిగ చేస్కోవచ్చు.

దారం నున్నగుండాలె. నూగు ఊలు వద్దు, కుట్లకు పట్టుకుంటది. అల్లే ఊలుకు ఎదురు రంగైతే కంటికి కొట్టొచ్చినట్టు కనబడ్తది. పోచంపల్లి, పుట్టపాక దిక్కు మీ చుట్టాలుంటే మగ్గం కాడ మిగిలిన నూలు పోగులు అడగండ్రి. సన్నగుంటయి, నాలుగైదు కలిపి పురి పెట్టాలె. ముదురు రంగైతే తడి తెల్లగుడ్డతోని రుద్ది చూడుండ్రి. రంగు దిగితే పక్కకు పెట్టుండ్రి.

ముందు కుట్టు గుర్తు, అంటే సూది మీద కుట్ల నడుమ గుర్తుకు పెట్టుకునే రింగు. దారాన్ని పెన్సిల్ చుట్టూ ఒకసారి తిప్పి, రెండు కొసలు కలిపి ముడెయ్యండ్రి. పెన్సిల్ తీస్తే చిన్న రింగు, అంతే. 8 నంబరు సూది అంటే 4 మిల్లీమీటర్లు, పెన్సిల్ అంతకన్న లావు కాబట్టి రింగు అలకగ జరుగుతది.

ఇగ నాకు అన్నిట్ల ఇష్టమైంది లెక్క దండ. చిటికీ (నేసే ముందే పోగులకు ముడులు కట్టి రంగేసే పని) కట్టేటోళ్లు గ్రాఫ్ కాగితం చూస్కుంట పోగులు లెక్కబెట్టి కడతరు, లెక్క తప్పితే చీర మీద బొమ్మ చెదురుతది. మన అల్లికల గూడ అంతే. ఫోన్ మోగిందంటే ఏ వరుసల ఉన్నమో మర్చిపోతం.

మీటరు దారం సగానికి మడవండ్రి. మడత కాడ పెన్సిల్ పెట్టి, దాని కిందనే రెండు పోగులు కలిపి ముడి. ముడి బిగిసినంకనే పెన్సిల్ తియ్యాలె, లేకుంటే రింగు చిన్నగైతది. మళ్ల ఆ రెండు పోగుల నడుమ పెన్సిల్ పెట్టి, కింద ముడి. ఇట్ల పది రింగులు. మొదటి రింగుకు వేరే రంగు పోగు కట్టుండ్రి, ఎక్కడ షురూ అయ్యిందో తెలుస్తది.

ఇప్పుడు ఈ దండ ఎట్ల వాడాల్నో దగ్గరికి చూడుండ్రి. అంచు కుట్టు ఒకటి అల్లినంక మొదటి రింగు కుడి సూదికి ఎక్కించిన. అంచుకే పెడితే జారిపడ్తది. వరుస అయ్యింది, తిప్పిన. దండ కాడికి వచ్చేసరికి ఎడమ సూది మీది రింగు దించి, దాని తర్వాతి రింగు కుడి సూదికి ఎక్కించిన. ఒక్కో వరుసకు ఒక్కో రింగు. పదోది అయినంక మళ్ల మొదటి రింగు. పది వరుసలకొకసారి అల్లిక పక్కకు ఓ ముక్క దారం కట్టుకుంటే నలభై, యాభై వరుసలైనా లెక్క తప్పది.

పొడుగు ముక్క మిగిలితే డిజైన్ మొదలయ్యే వరుసల భద్రం దారం ఎక్కించుండ్రి. మొద్దు మొన సూదితోని, అల్లిక సూది మీదున్న ప్రతి కుట్టులకెల్లి పోనియ్యాలె. గుర్తు రింగులల్ల మాత్రం పోనియ్యొద్దు, అవి అక్కడ్నే ఇరుక్కపోతయి. తర్వాత తప్పు పోతే విప్పుకుంట రండ్రి, ఆ దారం కాడికొచ్చి విప్పుడు ఆగుతది. కుట్లన్నీ మళ్ల సూదికి ఎక్కించుకోవచ్చు. డిజైన్ సాంతం అయినంక ఒక కొస పట్టి మెల్లగ గుంజుండ్రి.