ఇంటి ముందు జాగా: తుపాను గాలికి నిలిచే పచ్చదనం

(దృశ్యం: విజయనగరంలో ఒక కొత్త కాలనీ. గేటు నుంచి గుమ్మం దాకా సిమెంటు పోసిన ఇళ్లు.)

నమస్కారం. ఇల్లు పూర్తయి, రంగులు వేయించి, గేటు పెట్టించాక చాలామంది ముందున్న జాగా మొత్తం సిమెంటు పోయిస్తారు. బురద ఉండదు, ఊడ్చుకోవడం తేలిక అంటారు. కానీ మే నెలలో ఆ సిమెంటు పగలంతా కాగి, పొద్దుపోయాక కూడా గుమ్మంలోకి సెగ కొడుతూనే ఉంటుంది. వాన పడితే నీటిని ఇంకనివ్వదు. దయచేసి సగం జాగా అయినా మట్టిగా వదలండి. రంగులకు పెట్టిన ఖర్చు కంటే ఆ మట్టే మీ ఇంటికి ఎక్కువ అందం తెస్తుంది.

ఇక ఏం నాటాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మొక్క నాటేవారు అక్టోబరు నెలను తలుచుకుని నాటాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు విరుచుకుపడ్డాయి. తిత్లీ గాలికి ఉద్దానంలో ఏళ్ల నాటి కొబ్బరి, జీడి తోటలే నేలకొరిగాయి. ఇక గేటు పక్కన ముచ్చటపడి పెంచిన తురాయి ఎంతసేపు నిలుస్తుంది? దాని కర్ర పెళుసు. కొమ్మ విరిగితే కరెంటు తీగల మీద పడుతుంది. త్వరగా ఎదుగుతుందని కోనోకార్పస్ కూడా తేకండి. దాని వేళ్లు పైపుల్లోకి, కాలువల్లోకి చొరబడతాయి.

జాగా ఉంటే ఒక్క పొగడ చెట్టు చాలు. నెమ్మదిగా ఎదుగుతుంది, కర్ర గట్టిది, నీడ చిక్కన. రాలిన పువ్వు ఎండినా వాసన పోదు. గోడకు పదడుగుల దూరంలో, పైన తీగలు లేని చోట నాటండి. అంత జాగా లేకపోతే చెట్టు ఆశ వదులుకుని నందివర్ధనం, నూరు వరహాలు, మందారం వంటి పొదలతో సరిపెట్టుకోవాలి. ఎత్తు పెరగనివ్వకుండా కత్తిరించుకుంటే ఇవి గాలికి ఊగుతాయి తప్ప కూలవు. సముద్రం దగ్గర, కళింగపట్నం, బారువ వంటి చోట్ల ఉప్పుగాలికి గన్నేరు, బోగన్‌విల్లా బాగా ఓర్చుకుంటాయి. అయితే గన్నేరులో ప్రతి భాగమూ విషమే. చిన్నపిల్లలు, పశువులు ఉన్న ఇంట్లో మాత్రం వద్దు.

(దగ్గరి దృశ్యం: నందివర్ధనం మొక్క, గొయ్యి, గునపం.)

నాటడం జాగ్రత్తగా చూడండి, మొక్క నిలిచేదీ పోయేదీ ఇక్కడే. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీశాం. ఇది ఎర్రమట్టి, కాబట్టి తవ్విన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. కవిటి, సోంపేట వైపు ఇసుక నేలల్లో చెరువు మట్టి కూడా కలపాలి, లేకపోతే పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది. ఇప్పుడు నర్సరీ కవరును బ్లేడుతో నిలువుగా కోసి తీస్తున్నాను. చూశారా, వేళ్లు మట్టి ముద్ద చుట్టూ ఎలా చుట్టుకున్నాయో! వీటిని చేతివేళ్లతో మెల్లగా విడదీయాలి. ఇలాగే పాతిపెడితే వేళ్లు ఆ చుట్టలోనే తిరుగుతాయి, నేలలో పట్టు దొరకక మొక్క మొదటి పెద్ద గాలికే ఒరిగిపోతుంది. ముద్ద పైభాగం నేలకు సమానంగా ఉండాలి. మట్టి నింపి, అరచేతులతో అదిమి, చుట్టూ పాదు కట్టండి. పాదులో కొబ్బరి పీచు పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

జూన్ చివర, రెండు మూడు మంచి వానలు పడ్డాక నాటితే తుపాన్ల కాలానికి వేళ్లు సాగుతాయి. సెప్టెంబరులో నాటిన వాటికి ఊతకర్ర తప్పదు.

(దృశ్యం: గేటు నుంచి గుమ్మానికి రాతి బాట.)

నడక బాటకు టెక్కలి గ్రానైటు ముక్కలు వాడుకోవచ్చు. మెరుగు పెట్టినవి వానలో జారుతాయి, గరుకువే తీసుకోండి. వాలు గోడ వైపు కాకుండా మొక్కల వైపు ఉండాలి. గేటు ముందు కళ్లాపి చల్లి ముగ్గు పెట్టుకునేంత మేర చదునుగా, గట్టిగా వదిలేయండి. సంక్రాంతి నెల వచ్చాక ఆ చోటు విలువ మీకే తెలుస్తుంది.

(దృశ్యం: పల్లె వీధి. గోడకు గోడ ఆనుకున్న వరుస ఇళ్లు, ముందు అరుగులు.)

మన ఊళ్లలో ఇలా అరుగు దిగితే వీధే ఉండే ఇళ్లు ఎన్నో. అక్కడ కుండీలే దిక్కు. అరుగు చివర గోడకు ఆనించి రెండు పెద్ద కుండీలు పెట్టి, ఒకదానిలో తులసి, రెండోదానిలో సన్నజాజి నాటి, తీగను పందిరి గుంజ మీదుగా చూరు దాకా పాకించండి. డజను చిన్న కుండీల కంటే ఇదే నిండుగా ఉంటుంది. పిట్టగోడ మీద కుండీలు పెట్టకండి, గాలికి కింద నడిచేవారి మీద పడతాయి. కుండీ కింది పళ్లెంలో నీరు నిలిస్తే దోమలు చేరతాయి, వారానికి ఒకసారైనా పారబోసి ఆరనివ్వండి.