తరగతి బ్లాగు: మొదటి పోస్టుకి ముందే వేయాల్సిన తాళాలు

టీచర్లందరికీ నమస్కారం. తరగతి బ్లాగు అనగానే ముందు రంగులూ డిజైనూ చూసుకుంటాం. ఇవాళ ఆ జోలికి పోవద్దు. ఒక్క పోస్టయినా వేయకముందు ఏమేం మూయాలో చూద్దాం. స్క్రీన్ మీద ఉన్నది బ్లాగర్, అంటే గూగుల్ వాళ్ల బ్లాగుల సైటు.

ఎడమవైపు సెట్టింగ్స్ నొక్కండి. ప్రైవసీ కింద 'విజిబుల్ టు సెర్చ్ ఇంజిన్స్' ఉంది కదా, ఆఫ్ చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దీంతో సెర్చ్‌లో దొరకకపోవచ్చు గానీ, లింకు ఏ వాట్సాప్ గ్రూపులోకో వెళ్లిందంటే ఎవరు నొక్కినా తెరుచుకుంటుంది. అందుకే ఇంకాస్త కిందికి, పర్మిషన్స్ దగ్గరికి రండి. రీడర్ యాక్సెస్‌లో 'పబ్లిక్' మార్చి 'కస్టమ్ రీడర్స్' పెట్టండి. తల్లిదండ్రుల ఈమెయిళ్లు అక్కడ చేర్చండి.

పిల్లల్ని మాత్రం ఆథర్లుగా, అంటే నేరుగా పోస్టులు వేసేవాళ్లుగా, చేర్చొద్దు. 13 ఏళ్లు నిండనివాళ్లు తమంతట తాము గూగుల్ ఖాతా నడపడానికి లేదు. పెద్ద పిల్లలకు ఖాతా ఉన్నా, రాత్రి పదింటికి వేసిన పోస్టు మీ కంటబడేది మర్నాడే. నోటుబుక్కులో రాయించండి. మీరు చదివాక, బడి కోసం విడిగా తెరిచిన ఖాతా నుంచి మీరే వేయండి.

ఇప్పుడు కామెంట్లు. 'హూ కెన్ కామెంట్' దగ్గర బ్లాగు సభ్యులకే అనుమతి ఇవ్వండి. కామెంట్ మోడరేషన్, అంటే మీరు చూసి ఒప్పుకున్నాకే కామెంటు కనబడటం, 'ఆల్వేస్' మీద ఉండాలి. చెడ్డ కామెంటును తర్వాత తీసేయొచ్చులే అనుకోకండి, మీరు తీసేలోపు ఆ పోస్టు రాసిన పిల్ల చదివేసి ఉంటుంది.

సెట్టింగ్స్ అయిపోయాయి. అసలు జాగ్రత్త రాతలో ఉంది, ఇక్కడ కాస్త నిదానంగా వినండి. పేరు రాయకపోయినా పిల్లలు దొరికిపోతారు. ఒక పోస్టులో 'మా గుడి పక్క సందు', ఇంకో పోస్టులో 'సాయంత్రం ఐదింటికి ట్యూషన్‌కి ఒక్కదాన్నే వెళ్తా', ఫొటోలో బడి బ్యాడ్జి. విడివిడిగా దేంట్లోనూ ప్రమాదం కనబడదు. మూడూ కలిస్తే ఏ పిల్ల, ఎక్కడ, ఎన్నింటికి ఒంటరిగా ఉంటుందో తెలిసిపోతుంది. కాబట్టి ప్రతి పోస్టులో ఊరు, వేళ, దారి, ఇంటిపేరు, ఫోన్ నంబరు వెతికి కొట్టేయండి. పిల్లలకు కలం పేర్లు పెట్టండి: పాలపిట్ట, జామచెట్టు, ఏదైనా సరే. రోల్ నంబరు వద్దు, అది హాజరు పట్టీలో అందరికీ తెలిసిందే. ఎవరి కలం పేరు ఏదో మీ కాగితం మీద రాసుకోండి, ఆన్‌లైన్‌లో కాదు.

ఫొటోల్లో ముఖాలు వద్దు. బ్లాగు ప్రైవేటుగా ఉన్నా, అందులోని ఫొటో లింకును కాపీ చేసి పంపితే ఆ ఫొటో బయటివాళ్లకూ తెరుచుకుంటుంది. పిల్లల చేతులు, వాళ్లు వేసిన బొమ్మ, చేసిన ప్రాజెక్టు తీయండి, చాలు. తీసేముందు ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపండి. ఫైలు పేరులో పిల్లాడి పేరుంటే అదీ మార్చండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. కాబట్టి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. అయితే 'నాకు అభ్యంతరం లేదు' అన్న ఒక్క ముక్క మీద తీసుకోవడం వాళ్లకు న్యాయం కాదు. ఏం వేస్తారు, ఎవరు చదువుతారు, ఎన్నాళ్లుంచుతారు, వద్దంటే ఎవరికి చెప్పాలి, ఈ నాలుగూ తెలుగులో రాసివ్వండి.

ఎవరైనా పిల్లల్ని నంబరు అడిగినా, కలుద్దామన్నా, కంగారులో వెంటనే డిలీట్ చేయకండి. తేదీ, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి హెడ్మాస్టరుకూ తల్లిదండ్రులకూ చూపించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇవ్వొచ్చు. చెప్పిన పిల్లని 'నువ్వెందుకు జవాబిచ్చావు' అని గద్దించారంటే ఇంకోసారి ఎవరూ మీ దగ్గరికి రారు.

ఇప్పుడు ఇన్‌కాగ్నిటో విండో, అంటే మీ ఖాతా లాగిన్ లేని విండో, తెరిచి మీ బ్లాగు లింకు అతికించండి. బ్లాగు తెరుచుకుందా? అయితే రీడర్ యాక్సెస్ ఇంకా 'పబ్లిక్' మీదే ఉంది, వెనక్కి వెళ్లి మార్చండి. అనుమతి ఉన్నవాళ్లకే అన్న సందేశం వస్తే మొదటి పోస్టు వేయొచ్చు.