సహకారం: పని ఎవరిది, సాయం ఎవరిది?

సభకు నమస్కారం. ఇక్కడున్నవారిలో సొసైటీల కార్యదర్శులు, నీటి సంఘాల వాళ్ళు, పత్రికలకు వార్తలు పంపేవాళ్ళు ఎక్కువమంది. మీ అందరి రాతల్లోనూ పదేపదే వచ్చే మాట సహకారం. తీర్మానాల పుస్తకంలో ఉంటుంది, తిరునాళ్ళ కరపత్రంలో ఉంటుంది, దొంగతనం వార్తలోనూ ఉంటుంది. దాన్ని చూసుకోకుండా వాడితే పని చేసినవాడే వాక్యంలోంచి జారిపోతాడు. ఈ పూట నా ఫిర్యాదంతా దాని మీదే.

పుట్టుక సులువే: సహ, కారం, కలిసి చేయడం. పాత కావ్యాల్లో ఈ మాట తగిలితే మాత్రం తొందరపడకండి, అక్కడ అది తియ్యమామిడి. తర్కం చదివినవాళ్ళకు ఇంకో అర్థం తెలుసు. కుండకు మట్టి ఉపాదానం, అంటే ముడిసరుకు. కుమ్మరి నిమిత్తం, అంటే చేసేవాడు. సారె, కర్ర సహకారులు. అంటే పక్కనుండి తోడ్పడేవి. మన నోళ్ళలో ఇవాళ బలంగా ఉన్నది ఈ అర్థమే. 'వాతావరణం సహకరించలేదు', 'ఒళ్ళు సహకరించడం లేదు', 'పిచ్ స్పిన్నర్లకు సహకరించింది' అంటున్నామా లేదా? పిచ్ వికెట్లు తీయదు కదా.

విభక్తిని గమనించండి. 'కి' ఎవరికి తగిలిందో పని వాళ్ళది. 'సర్పంచికి గ్రామస్థులు సహకరించారు' అంటే పని సర్పంచిది, ఊరివాళ్ళు పక్కవాళ్ళు. 'విచారణకు సహకరించాలి' అన్నప్పుడు తోడ్పాటు కూడా పోయి, పిలిచినప్పుడు రావడం, అడిగింది చెప్పడం మిగులుతుంది. 'నిందితుడికి సహకరించిన ఇద్దరి అరెస్టు' అంటే నేరంలో చెయ్యి వేశారని. 'సహకారంతో' అన్నా ఇదే లెక్క: ఆ మాటకు ముందున్నవారు సాయం, తర్వాత వచ్చేవారు కర్త.

1920లో గాంధీ పిలుపునిచ్చిన ఉద్యమాన్ని హిందీవాళ్ళు అసహయోగ్, అంటే కలిసి పనిచేయకపోవడం, అన్నారు. తెలుగులో స్థిరపడింది సహాయ నిరాకరణ. ఆ ఉద్యమ కాలంలోనే, 1921 ఏప్రిల్ 7న, మన నెల్లూరు జిల్లా పల్లెపాడులో పెన్న ఒడ్డున పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీ ప్రారంభించారు. నా మటుకు తెలుగు పేరే గట్టిది. తెల్లదొరతనంతో మనకు పొత్తు ఎప్పుడుంది, తెంచుకోవడానికి? మన గుమాస్తాలు, మన వకీళ్ళు, మన శిస్తు సాయంగా అది నడిచింది. ఆ సాయం ఇవ్వం అన్నారు. సరిపోయింది.

చట్టంలో మాత్రం ఈ మాటకు కావలి ఉంది. 1904 నాటి సహకార చట్టం పరపతి సంఘాలకే, అంటే అప్పులిచ్చే సంఘాలకే పరిమితం. 1912 చట్టం మిగతా రకాల సంఘాలకూ దారి తెరిచి, 47వ సెక్షన్లో ఒక నిషేధం పెట్టింది: రిజిస్టరు కానివాళ్ళు కొత్తగా 'కోఆపరేటివ్' అన్న మాటను పేరులో పెట్టుకొని వ్యాపారం చేయకూడదు. మాట వెనక హక్కు ఉంది కాబట్టే ఈ కాపలా. సహకార సూత్రం ప్రకారం వాటాధనం ఎంతున్నా సభ్యుడికి ఒక్కటే ఓటు. ఇక్కడ 'కి' లేదు, పక్కవాళ్ళు లేరు, అందరూ కర్తలే. మన రాష్ట్రంలో 1964 చట్టం కింద నడిచేవి ఉన్నాయి. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యుల డబ్బుతో నడిచేందుకు 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందివీ ఉన్నాయి. ఊళ్ళో రెంటినీ సొసైటీ అనే అంటారు. మాట్లాడేటప్పుడు ఫర్వాలేదు, తీర్మానంలో ఏ చట్టం కిందిదో రాయండి.

లాభనష్టాలు పంచుకునే పనికి మనకు వేరే మాటలున్నాయి. ఇద్దరు కలిసి బోరు వేయించుకుంటే అది పొత్తు. సముద్రపొడ్డున అలివి వల లాగినవాళ్ళకు వచ్చేది వాటా. మనుషులకే కాదు, పడవకూ వలకూ వాటా ఉంటుంది. లారీకి బస్తాలెత్తేది ముఠా, అయితే అదే మాట నేరవార్తలో దొంగలకు అంటుకుంది కాబట్టి శీర్షికలో జాగ్రత్త. ఇద్దరు కలిసి మూడోవాడిని ముంచితే కుమ్మక్కు. వీటన్నిటి మీదా సహకారం అని ఒకే దుప్పటి కప్పితే ఎవరికి ఏం దక్కాలో తెలియదు, తగాదా అక్కడే మొదలవుతుంది. 'పదిమంది చేతిలో పాము చావదు' అని సామెత. కర్ర ఎవరి చేతిలో ఉందో తీర్మానంలో రాసి ఉంటే చచ్చేదేమో.

ఒక వాక్యం చూద్దాం: 'రైతుల సహకారంతో అధికారులు కాలువ పూడిక తీయించారు.' ఆరా తీస్తే ఆయకట్టుదారులు ఎకరానికి ఇంతని చందా వేసుకున్నారు, పొక్లెయిన్ మాట్లాడింది వాళ్ళే, డీజిల్ పోయించింది వాళ్ళే. అధికారులు కొలతలు చూపించి అనుమతి ఇచ్చారు. అప్పుడు వాక్యం ఇలా ఉండాలి: 'ఆయకట్టు రైతులు చందాలు వేసుకొని కాలువ పూడిక తీయించారు, అధికారులు కొలతలు చూపించారు.' నాలుగు ప్రశ్నలు అడగండి చాలు. డబ్బు ఎవరిది, ఒళ్ళు వంచింది ఎవరు, నిర్ణయం ఎవరిది, నష్టం వస్తే ఎవరి నెత్తిన? నాలుగింటికీ జవాబు ఒకరే అయితే వాళ్ళే కర్తలు, సహకారులు కారు. జవాబులు చీలితే ఎవరి పనికి వారి క్రియ పెట్టండి: ఇచ్చారు, మోశారు, తవ్వారు, ఒప్పుకున్నారు. వాక్యం కాస్త పొడుగవుతుంది, అవనివ్వండి. వార్తలో చోటు చాలకపోతే 'పూర్తి సహకారం అందిస్తామని హామీ ఇచ్చారు' అన్నది కొట్టేయండి. ఎంత, ఎప్పటికి అన్నది లేని హామీకి చోటెందుకు?

ఇక కరపత్రాల్లో వచ్చే 'సహాయ సహకారాలు అందించిన వారు' అన్న జంటమాట. దాని కింద ముప్పై పేర్లు వరసగా ఉంటాయి. డబ్బిచ్చినవాళ్ళను, బియ్యం, పందిరి సామాను ఇచ్చినవాళ్ళను, వంటకూ వడ్డనకూ నిలబడ్డవాళ్ళను మూడు వరసలుగా విడగొట్టండి. లెక్కలు చెప్పే రోజున ఆ కాగితమే పనికొస్తుంది.