ధూపార్తి పట్టిన రాజు, పెదవులకు నిప్పు తగిలిన ప్రవక్త

[తెరపై: యెరూషలేము దేవాలయపు రేఖాచిత్రం. ఆవరణం, పరిశుద్ధ స్థలం, అతిపరిశుద్ధ స్థలం ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి.]

వ్యాఖ్యాత: యెషయా గ్రంథం ఆరవ అధ్యాయం ఒక మరణవార్తతో మొదలవుతుంది. రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరంలో, అంటే సుమారు క్రీ.పూ. 740లో, తాను ప్రభువును చూశానని ప్రవక్త రాశాడు. మనం వినే ప్రసంగాలలో చాలామట్టుకు ఈ మాటను ఒక తేదీగా మాత్రమే తీసుకొని నేరుగా సెరాపుల దగ్గరకు, అంటే ఆ దర్శనంలో దేవుని సింహాసనం దగ్గర కనిపించే రెక్కలున్న పరలోక ప్రాణుల దగ్గరకు, వెళ్లిపోతాయి. కానీ ఆ రాజు చివరి రోజులు ఎలా గడిచాయో తెలియకపోతే, ఆ దర్శనంలోని భయమూ పూర్తిగా అర్థం కాదు, అందులోని నిరీక్షణా పూర్తిగా అర్థం కాదు.

[తెరపై: రెండవ దినవృత్తాంతములు, 26వ అధ్యాయం.]

ఉజ్జియా పదహారేళ్లకే సింహాసనమెక్కి 52 సంవత్సరాలు యూదాను ఏలాడు. యెరూషలేములో బురుజులు కట్టించాడు, అరణ్యంలో బావులు తవ్వించాడు, కోట బురుజుల మీద నుండి అంబులనూ పెద్ద రాళ్లనూ విసిరే యంత్రాలు చేయించాడు. అతనికి వ్యవసాయమంటే ప్రీతి అని కూడా ఆ గ్రంథం ప్రత్యేకించి చెబుతుంది. అంతటి సమర్థుడు, బలం స్థిరపడ్డాక మనసున గర్వించి, అహరోను సంతతి యాజకులు మాత్రమే చేయవలసిన ధూపారాధనను తానే చేస్తానని దేవాలయంలోకి నడిచాడు. యాజకుడైన అజర్యా మరో 80 మంది యాజకులను వెంటబెట్టుకొని లోపలికి వెళ్లి రాజుకు అడ్డు నిలిచాడు. (1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారి వల్ల ఈ పేరు తెలుగు క్రైస్తవులకు చిరపరిచితమే, రాజును ఎదిరించిన ఈ యాజకుడు మాత్రం మనకు అంతగా గుర్తుండడు.) ధూపార్తి చేతిలో ఉండగానే రాజు వారిమీద మండిపడ్డాడు. అప్పుడే, ధూపపీఠం పక్కనే, అతని నొసట కుష్ఠం పొటమరించింది. యాజకులు అతనిని వెళ్లగొట్టారు. అప్పటికే అతడు కూడా బయటికి పరుగెత్తే తొందరలో ఉన్నాడు. చనిపోయేదాకా అతడు ప్రత్యేకమైన ఇంట్లో ఒంటరిగా బతికాడు, రాజ్యభారం కుమారుడైన యోతాము మీద పడింది.

లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం కుష్ఠరోగి తన పైపెదవిని కప్పుకొని "అపవిత్రుడను, అపవిత్రుడను" అని బిగ్గరగా పలకాలి.

[తెరపై: పొగతో నిండిన దేవాలయం. కదులుతున్న గడప కమ్ములు.]

ఇప్పుడు యెషయా దగ్గరకు వద్దాం. అతడు చూసిన సింహాసనం ఖాళీ అయినది కాదు. అత్యున్నతమైన ఆ సింహాసనం మీద ప్రభువు ఆసీనుడై ఉన్నాడు, ఆయన వస్త్రపు అంచులే ఆలయమంతా నిండిపోయాయి. ఆరేసి రెక్కలున్న సెరాపులు రెండు రెక్కలతో ముఖాన్నీ, రెండింటితో కాళ్లనూ కప్పుకొని, మిగిలిన రెండింటితో ఎగురుతూ "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని గానప్రతిగానాలు చేస్తున్నారు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. సెరాపులు ఏదో తప్పు చేసినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు, అయినా వారు ముఖం కప్పుకున్నారు. అంటే దేవుని ఎదుట తగ్గింపు పాపం చేసినవానికి పడిన శిక్ష కాదు. సృష్టింపబడిన ప్రతి ప్రాణికీ సృష్టికర్త ఎదుట తగిన స్థానమే అది. పాపికి దానితోపాటు మరొకటి, సిగ్గు, తోడవుతుంది.

ఆ సిగ్గు యెషయాలో ఎక్కడ బయటపడిందో చూడండి. ఐదవ అధ్యాయంలో అతడు ఆరుసార్లు ఇతరుల మీద "శ్రమ", అంటే "అయ్యో, మీకు కీడు" అని, ప్రకటించాడు. ఇంటికి ఇల్లు కలుపుకునేవారికీ, పొద్దున లేచింది మొదలు మద్యం కోసం పరుగెత్తేవారికీ, కీడును మేలు అనేవారికీ, లంచం పుచ్చుకొని దుర్మార్గుణ్ణి నీతిమంతుడని తీర్పిచ్చేవారికీ. ఆ మాటలన్నీ న్యాయమైనవే. కానీ ఆరవ అధ్యాయంలో "అయ్యో" అన్న మాట అతని మీదికే తిరిగింది: తాను అపవిత్రమైన పెదవులు గలవాడినని, అటువంటి పెదవులు గల జనుల మధ్యే నివసిస్తున్నానని అతడు ఒప్పుకున్నాడు. ప్రవక్తకు పెదవులే పనిముట్టు. తనలో అన్నిటికంటే దేవునికి ఉపయోగపడే భాగం ఏదో, దానినే అతడు అపవిత్రమన్నాడు. కుష్ఠరోగియైన రాజు తన శేషజీవితమంతా పలకవలసి వచ్చిన మాట, ఒంటిమీద మచ్చలేని ప్రవక్త నోట ఆలయంలో వినిపించింది. నాకు ఇది కాకతాళీయమనిపించదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. "ధూళిని, పురుగును, ఎందుకూ పనికిరానివాణ్ణి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకునే ప్రార్థనలు మన సంఘాలలో వింటూనే ఉంటాం. అవి నిజమైన వేదన నుండి రావచ్చు. అలవాటుగా మారి, తగ్గింపులోనూ తానే ముందుండాలన్న తాపత్రయంగా కూడా మిగిలిపోవచ్చు. యెషయా తనను తాను తిట్టుకోవడానికి కూర్చోలేదు. రాజైన ప్రభువును కన్నులారా చూశాడు గనుకనే ఆ మాట అతని నోట వచ్చింది.

[తెరపై: బలిపీఠం. పట్టుకారుతో తీసిన నిప్పు.]

తర్వాత జరిగినది ఈ అధ్యాయానికి గుండెకాయ. ఒక సెరాపు బలిపీఠం మీద నుండి పట్టుకారుతో తీసిన నిప్పును అతని నోటికి తాకించి, నీ దోషం తొలగిపోయింది, నీ పాపానికి ప్రాయశ్చిత్తమైంది అని చెప్పాడు. యెషయా క్షమాపణ అడిగినట్టు కూడా అక్కడ రాసి లేదు. అతని దుఃఖం అతనిని శుద్ధి చేయలేదు, అతని వినయమూ శుద్ధి చేయలేదు. బలి అర్పించే చోటు నుండి వచ్చిన నిప్పు చేసింది. తగ్గించుకుంటే దేవుడు బదులుగా క్షమిస్తాడని అనుకునేవారు తగ్గింపును మరో రకం ధూపార్తిగా చేతపట్టుకొని బయలుదేరినట్టే. క్రైస్తవులు ఆ బలిపీఠంలో క్రీస్తు సిలువను చూస్తారు. యెషయా చూసినది ఆయన మహిమనే అని యోహాను సువార్త 12వ అధ్యాయం చెబుతుంది, కృపాసింహాసనం దగ్గరకు ధైర్యంతో రమ్మని హెబ్రీ పత్రిక పిలుస్తుంది.

తగ్గింపు, ధైర్యం అనే ఈ రెంటి కలయిక 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభు సంస్కార ఆరాధనలో "పరిశుద్ధుడు" అని మూడుసార్లు పలికిన వెంటనే గురువు మోకరించి, మా నీతిని నమ్ముకొని ఈ బల్ల దగ్గరకు రాలేదు, బల్ల కింద పడే రొట్టెముక్కలు ఏరుకోవడానికి కూడా మేము పాత్రులం కాము అని అందరి పక్షాన ప్రార్థిస్తాడు. అలా ప్రార్థించినవారు వెనుదిరిగి వెళ్లిపోరు, ఆ బల్ల దగ్గరే పాలుపంచుకుంటారు.

[తెరపై: నరికిన చెట్టు మొద్దు.]

శుద్ధి పొందిన నోరు పలికిన తొలి మాట "చిత్తగించుము నేనున్నాను, నన్ను పంపుము". మన మిషనరీ సభలలో తరచూ వినిపించే ఈ వచనం దగ్గరే చదవడం ఆపేయడం ఒక అన్యాయమే, ఎందుకంటే అతనికి అప్పగించిన పని వినని జనానికి చెబుతూనే ఉండటం. "ఎన్నాళ్లు, ప్రభువా?" అని అతడు అడిగాడు. పట్టణాలు పాడై, దేశం నిర్జనమయ్యేదాకా అని జవాబు వచ్చింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని సమరయ పడిపోయింది. 586లో బబులోనువారు యెరూషలేమును పడగొట్టి దేవాలయాన్ని కాల్చేశారు. దేశంలో పదో వంతు మిగిలినా అదీ నాశనమవుతుందని, అయినా నరికిన సింధూర వృక్షానికి మొద్దు మిగిలినట్టు ఒకటి మిగులుతుందని, ఆ మొద్దు నుండి పరిశుద్ధమైన చిగురు పుడుతుందని అధ్యాయం ముగుస్తుంది. సెరాపులు దేవుని గురించి మూడుసార్లు పలికిన మాటనే, తీర్పులో కాలిపోబోయే ప్రజలలో మిగిలినవారికి కూడా ఆ చివరి వచనం ఇచ్చింది.