మా టీవీ కింద రెండు పెట్టెలు

అందరికీ నమస్కారం. ఈ వారాంతం మేము ఎక్కడికీ వెళ్లలేదు. ఇల్లు సర్దుతూ టీవీ కింది అర ఖాళీ చేస్తుంటే, అందులో కొన్నేళ్లుగా పక్కపక్కనే ఉంటున్న రెండు వీడియో గేముల పెట్టెల గురించి మాట్లాడాలనిపించి కెమెరా పెట్టాను. మీకు ఎడమవైపు నిలువుగా కనిపిస్తున్న తెల్లనిది సోనీ వారి ప్లేస్టేషన్ 5. కుడివైపు నల్లనిది మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్. ఇవి 2020 నవంబరులో రెండు రోజుల తేడాతో విడుదలయ్యాయి. రెండింటిలోనూ ఏఎండీ సంస్థ ప్రాసెసరే ఉంది, రెండింటిలోనూ 16 జీబీ మెమరీ ఉంది. గ్రాఫిక్స్ శక్తిలో ఎక్స్‌బాక్స్‌ది కొంత పైచేయి అయితే, లోపలి స్టోరేజీ నుంచి సమాచారాన్ని చదివే వేగంలో ప్లేస్టేషన్‌ది పైచేయి. కవల పిల్లల్లాంటి ఈ రెండింటినీ ఒకే ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారని మా ఇంటికి వచ్చినవారు అడుగుతూనే ఉంటారు. దానికి కారణం మా పిల్లల బావ.

మేము ముందు కొన్నది ప్లేస్టేషన్. ఏడాది గడిచాక, వేరే ఖండంలో ఉంటున్న మా బావమరిది కొడుకు ఫోను చేసి తనకు ఎక్స్‌బాక్స్ కొన్నారని చెప్పేసరికి మా పెద్దవాడి ముఖం వాడిపోయింది. బావతో ఆడాలంటే హేలో అనే ఆట కావాలి, హేలో కావాలంటే ఎక్స్‌బాక్స్ కావాలి. ఆ ఆట కంప్యూటర్‌లోనూ వస్తుంది గాని, మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ నా ఉద్యోగానికే చాలదు. అలా రెండో పెట్టె మా ఇంట్లో అడుగుపెట్టింది.

కన్సోళ్ల, అంటే ఇలాంటి ఆట యంత్రాల, పోటీ అనగానే చాలామంది ఏ యంత్రం బలమైనదని లెక్కలు తీస్తారు. నా ఉద్దేశంలో ఈ రంగంలో మొదటి నుంచీ అసలు ఆయుధం, ఎదుటివారి పెట్టెలో దొరకని ఆటే. అమెరికాలో 1983లో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలిన తరువాత, 1985లో అక్కడ అడుగుపెట్టిన జపాన్ సంస్థ నింటెండో తన యంత్రంలో ఒక తాళం చిప్పు అమర్చి, తన అనుమతి లేని కార్ట్రిడ్జ్ (ఆట నింపి యంత్రంలో దూర్చే డబ్బా) ఏదీ నడవకుండా చేసింది. ఆటలు తయారుచేసే సంస్థలు ఏడాదికి ఐదు ఆటలకు మించి విడుదల చేయకూడదనీ, తనకు ఇచ్చిన ఆటను రెండేళ్లపాటు మరే యంత్రానికీ ఇవ్వకూడదనీ షరతులు విధించింది. నాసిరకం ఆటల వరదను ఆపడానికేనని చెప్పినా, దానివల్ల పోటీదారులకు మంచి ఆటలు దొరికే దారి కూడా మూసుకుపోయింది.

ఆ స్థితిలో 1989లో జెనెసిస్ అనే యంత్రంతో అమెరికాకు వచ్చిన పోటీ సంస్థ సెగాకు, సొంతంగా ఒక హీరోను తయారుచేసుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది. 1991లో సోనిక్ పుట్టాడు. అమెరికా విభాగాన్ని నడిపిన టామ్ కాలిన్‌స్కీ ఆ ఆటను యంత్రంతోపాటే పెట్టెలో కలిపి ఇప్పించాడు. 1993లో మోర్టల్ కాంబాట్ అనే కొట్లాట ఆట రెండు యంత్రాలకూ వచ్చినప్పుడు, నింటెండో అందులోని రక్తాన్ని తీయించి చెమటగా మార్పించగా, సెగా మాత్రం ఒక రహస్య మీటల వరుస నొక్కితే రక్తం కనిపించేలా ఉంచింది. కుర్రవాళ్లు దేనివైపు మొగ్గారో చెప్పనక్కరలేదు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా సెనేట్ దీనిపై విచారణ జరపడం, మరుసటి ఏడాది ఆటలకు వయసు రేటింగులు రావడం ఈ గొడవ పర్యవసానమే. మా అమ్మాయి ఆట పెట్టె మీద వయసు అంకె చూసి విసుక్కున్నప్పుడల్లా నాకు ఆ చెమట చుక్కలే గుర్తొస్తాయి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ప్లేస్టేషన్ పుట్టుక. సోనీలో ఇంజనీరుగా ఉన్న కెన్ కుతరాగి, నింటెండో వారి సూపర్ నింటెండోకు ధ్వని చిప్పు రూపొందించినవాడు; ఆ చనువుతోనే అదే యంత్రానికి సీడీలు నడిపే పరికరం చేయాలని రెండు సంస్థలూ ఒప్పందం చేసుకున్నాయి. 1991 జూన్‌లో షికాగో ప్రదర్శనలో సోనీ దాన్ని ఘనంగా ప్రకటించింది. మరునాడే అదే ప్రదర్శనలో నింటెండో, తాము ఫిలిప్స్‌తో కలిసి పనిచేస్తామని ప్రకటించింది. సీడీ ఆటల అనుమతుల మీద అజమాయిషీ సోనీ చేతికి పోతుందన్న భయమే దీనికి మూలం. ముహూర్తం పెట్టుకున్న పెళ్లి పీటల దగ్గర ఆగిపోయినట్లయింది. ఆ అవమానం నుంచి పుట్టిన ప్లేస్టేషన్ 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. 1995 మే నెలలో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 అనే వీడియో గేముల తొలి ప్రదర్శనలో, సెగా తన కొత్త యంత్రం సాటర్న్ 399 డాలర్లకు ఆ రోజు నుంచే దొరుకుతుందని చెప్పి అందరినీ ఆశ్చర్యపరిచింది. తరువాత వేదిక ఎక్కిన సోనీ ప్రతినిధి స్టీవ్ రేస్ తమ యంత్రం ధరగా 299 అనే ఒక్క సంఖ్య పలికి దిగిపోయాడు.

నింటెండో మాత్రం 1996లో తెచ్చిన కొత్త యంత్రంలోనూ కార్ట్రిడ్జ్‌ను వదలలేదు. అందులో పట్టేది 64 ఎంబీలు దాటకపోగా, సీడీలో దానికి పదింతలు పట్టేది. అంతవరకు నింటెండోను అంటిపెట్టుకున్న స్క్వేర్ సంస్థ ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆటను 1997లో మూడు సీడీలలో ప్లేస్టేషన్‌కే ఇచ్చింది. ఆటలు ఎటు పోతే ఆడేవాళ్లూ అటే పోయారు. సెగా 2001లో కన్సోళ్ల తయారీకి స్వస్తి చెప్పింది. ఆ ఏడాది ముగిసేలోపే సోనిక్ నింటెండో యంత్రంలో పరుగెత్తడం చూసి, ఒకప్పుడు వాడి పేరుతో కొట్లాడుకున్నవాళ్లు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

ఇక్కడ మాలాంటి వలస కుటుంబాలకు మాత్రమే తెలిసిన ఒక ఇబ్బంది చెప్పాలి. ఒకప్పుడు ఒక దేశంలో కొన్న డిస్కు మరొక దేశపు యంత్రంలో నడిచేది కాదు, ఎందుకంటే సంస్థలు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ప్రతి ప్రాంతానికీ వేరే తాళం వేసేవి. నేను విదేశానికి వచ్చిన కొత్తలో, మొదటిసారి తిరిగి వెళుతూ ఒక బంధువుల అబ్బాయికి ఆట డిస్కు పట్టుకెళ్లాను. యంత్రం డిస్కును రెండుసార్లు తిప్పి చూసి, ఇది చెల్లదని తెర మీద రాసింది. వాడు ఏమీ అనలేదు, కానీ ఆ ఖాళీ డబ్బాను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పటి యంత్రాల్లో డిస్కులకు ఆ తాళం లేదు. ఆన్‌లైన్ దుకాణాల గిఫ్టు కార్డులకు మాత్రం ఇంకా దేశాల సరిహద్దులున్నాయి. కార్డు కొనేముందు ఖాతా ఏ దేశానిదో చూసుకోండి.

డిస్కుల తాళం పోయినా స్నేహితుల తాళం చాలాకాలం నిలిచింది. 2002లో స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడుకునే ఎక్స్‌బాక్స్ లైవ్ సేవ వచ్చాక, కుర్రవాళ్లు యంత్రాన్ని చూసి కాక తమ జట్టు ఎక్కడుందో చూసి కన్సోల్ కొనడం మొదలుపెట్టారు. ఒక కన్సోల్ వాళ్లు మరో కన్సోల్ వాళ్లతో ఆడలేని ఈ గోడ సాంకేతికమైనదని అందరూ నమ్ముతూ ఉండగా, 2017 సెప్టెంబరులో ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ ఆటలో ప్లేస్టేషన్ వాళ్లూ ఎక్స్‌బాక్స్ వాళ్లూ కొద్దిసేపు ఒకే మైదానంలో తారసపడ్డారు. తయారీ సంస్థ అది సెట్టింగుల పొరపాటు అని సరిదిద్దింది. అంటే తలుపు ఎప్పుడో తయారై ఉంది, గడియ మాత్రమే వేసి ఉంది. మరుసటి ఏడాది నింటెండో, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపి మైన్‌క్రాఫ్ట్ అనే గేములో ఉమ్మడి ఆటకు ప్రకటన చేసి సోనీని ఇరుకున పెట్టాయి. చివరకు 2018 సెప్టెంబరులో సోనీ కూడా ఫోర్ట్‌నైట్‌తో గడియ తీసింది. ఇలా వేర్వేరు యంత్రాల వాళ్లు కలిసి ఆడే క్రాస్‌ప్లే ఇప్పుడు పిల్లలకు మామూలు విషయం. మా వాడికి ఆ కథ చెబితే, ఒక్క గడియ తీయడానికి అంతమంది పెద్దవాళ్లు అన్నేళ్లు ఎందుకు తీసుకున్నారని అడిగాడు.

ఇక మొన్నటి సంగతి. 2024 నుంచి మైక్రోసాఫ్ట్ తన ఆటలను ఒక్కొక్కటిగా ప్లేస్టేషన్‌కు ఇస్తూ వచ్చి, 2025 అక్టోబరులో ఏకంగా తొలి హేలోకు చేస్తున్న కొత్త రూపం 2026లో ప్లేస్టేషన్ 5కు కూడా వస్తుందని ప్రకటించింది. మేము రెండో పెట్టె కొన్నదే ఆ ఆట కోసం! వార్త చూసిన రోజు మా ఆవిడ నా వైపు చూసిన చూపును కెమెరాలో పట్టలేకపోయాను. ఇప్పుడు అర శుభ్రం చేశాక రెండింటిలో ఒకదాన్ని తీసేద్దామా అని అడిగితే, పెద్దవాడు బావను అడిగి చెబుతానన్నాడు.

ఇదంతా వింటూ కూర్చున్న మా అమ్మాయి మాత్రం ఖాళీ అయ్యే చోటును చేత్తో కొలిచి చూసింది. నింటెండో వాళ్ల మారియో ఈ రెండు పెట్టెల్లో దేనికీ రాడు కదా నాన్నా, ఇక్కడ వాళ్ల స్విచ్ 2 సరిగ్గా సరిపోతుంది, అంది.